నాన్నగారి తొడ ఎముకలో కంతి: ముక్క పరీక్ష ఫలితం రాకముందే కడ్డీ వేయించవచ్చా?

నంద్యాల అమ్మాయి

అందరికీ నమస్కారం. మా నాన్నగారికి 71 ఏళ్లు. ఉన్నత పాఠశాలలో తెలుగు పండితులుగా పనిచేసి, పదవీ విరమణ తరువాత నంద్యాలలో అమ్మతో కలిసి ఉంటున్నారు. నేను ఉద్యోగరీత్యా బెంగళూరులో ఉంటాను. సంక్రాంతి మొదలుకొని ఆయనకు కుడి గజ్జ దగ్గర, తొడ పైభాగంలో నొప్పి వస్తోంది. మొదట్లో మెట్లెక్కినప్పుడు మాత్రమే ఉండేది, ఉగాది నాటికి పడుకున్నా తగ్గని స్థితికి వచ్చింది. తెల్లవారుజామున రెండు మూడు గంటలకే లేచి, వరండాలో కుర్చీ వీపు పట్టుకొని ఎడమ కాలి మీద నిలబడి ఉండడం అమ్మ చాలాసార్లు చూసిందట. నడుములో నరం నొక్కుకుపోయిందని ఒకరు, తుంటిలో గుజ్జు అరిగిందని మరొకరు చెప్పగా మందులు వాడాము, ఇరవై రోజులు ఫిజియోథెరపీ కూడా చేయించాము. నడుముకు తీయించిన ఎక్స్‌రేలో వయసుకు తగిన అరుగుదల తప్ప మరేమీ లేదు. తొడకు ఎక్స్‌రే తీయించాలన్న ఆలోచన ఈ నాలుగు నెలల్లో వైద్యులకూ రాలేదు, మాకూ రాలేదు.

గత వారం తీయించిన ఎక్స్‌రేలో తొడ ఎముక పైభాగాన కోడిగుడ్డంత ఖాళీ, అందులో మరమరాలు చల్లినట్టు తెల్లని చుక్కలు కనబడ్డాయి. నాన్నగారే ఆ ఫిల్మును కిటికీ వెలుతురుకు ఎత్తి పట్టుకొని, "ఇక్కడ చెద పట్టిందమ్మా" అన్నారు. కాండ్రోసార్కోమా (ఎముకలోనే పుట్టే మృదులాస్థి జాతి క్యాన్సర్) గాని, వేరేచోటి నుంచి వ్యాపించిన క్యాన్సర్ గాని కావచ్చునని రిపోర్టులో రాశారు. ఎముక విరిగే ప్రమాదం ఉన్నందున వచ్చే సోమవారమే లోపల పొడవాటి కడ్డీ వేసి, అదే మత్తులో ముక్క కూడా తీసి పరీక్షకు పంపుదామని మా ఊరి ఎముకల వైద్యులు అంటున్నారు. పెద్ద వయసువారికి రెండుసార్లు మత్తు ఇవ్వడం ఎందుకన్నది ఆయన ఉద్దేశం. ఆయన మీద మాకు గౌరవమే ఉంది. అయినా మనసు ఒప్పుకోవడం లేదు. దీని గురించి తెలిసినవారు చెప్పగలరా?

విశ్రాంత శస్త్రవైద్యుడు

అమ్మా, నేను ముప్పై ఏళ్లకు పైగా ఎముకల శస్త్రచికిత్సలు చేసి విశ్రాంతి తీసుకున్నవాడిని. రోగిని చూడకుండా తీర్పు చెప్పడం తగదు గాని, మీరడిగిన ఒక్క ప్రశ్నకు మాత్రం నిస్సంకోచంగా జవాబు చెప్పగలను. ఆ కంతి పేరేమిటో తేలేవరకు కడ్డీ వేయించవద్దు.

మీ వైద్యులు ఆ మాట ఎందుకన్నారో ముందు చెబుతాను, ఎందుకంటే అది అజ్ఞానం వల్ల అన్న మాట కాదు. అరవై, డెబ్భై ఏళ్లవారి ఎముకలో క్యాన్సర్ కనబడితే అది ఎముకలో పుట్టినది కావడం అరుదు. చాలావరకు అది పురుషులలో ప్రోస్టేటు, స్త్రీలలో రొమ్ము, ఇద్దరిలోనూ ఊపిరితిత్తులు, మూత్రపిండం, థైరాయిడ్ వంటి చోట్ల పుట్టి రక్తం ద్వారా ఎముకను చేరినదై ఉంటుంది, లేదా మజ్జలోని కణాల నుంచి వచ్చే మైలోమా అయి ఉంటుంది. అలా వ్యాపించి వచ్చిన క్యాన్సర్ ఎముకను తొలిచినప్పుడు, అది విరగకముందే కడ్డీ వేసి నిలబెట్టి, తరువాత కరెంటు (రేడియేషన్) పెట్టించడం సరైన వైద్యమే. దానికి 1989లో మిరెల్స్ అనే వైద్యుడు రూపొందించిన లెక్క కూడా ఒకటుంది. కంతి ఎక్కడుంది, నొప్పి ఎంత, ఎముక మందంలో ఎంత భాగం తిన్నది, తినేస్తోందా లేక గట్టిపడుతోందా అన్న నాలుగు అంశాలకు ఒక్కొక్కదానికి 1 నుంచి 3 మార్కులు వేసి, మొత్తం 12కు 9 గాని అంతకు మించి గాని వస్తే ముందే కడ్డీ వేయమంటారు. మీ నాన్నగారికి తుంటి దగ్గర ఉన్నందుకు 3, అడుగు వేస్తే నొప్పి వస్తున్నందుకు 3 ముందే పడతాయి కాబట్టి ఎముక విరుగుతుందన్న భయం సబబైనదే.

అయితే ఆ లెక్క వ్యాపించి వచ్చిన క్యాన్సర్లకు మాత్రమే వర్తిస్తుంది. మీరు చెప్పిన మరమరాల వంటి చుక్కలు మృదులాస్థి జాతి కంతిలో సున్నం పేరుకొన్నప్పుడు కనబడే గుర్తు, కనుక కాండ్రోసార్కోమాను అంత తేలికగా పక్కన పెట్టలేము. నలభై ఏళ్లు దాటినవారిలో ఎముకలోనే పుట్టే క్యాన్సర్లలో, అంటే సార్కోమాలలో, ఎక్కువగా కనబడేది ఇదే. తుంటి ఎముక, తొడ ఎముక పైభాగం, భుజం దీనికి ఇష్టమైన చోట్లు. కుర్రవాళ్ల జబ్బుగా పేరుపడిన ఆస్టియోసార్కోమా కూడా అరవై దాటాక మరోసారి తల ఎత్తుతుంది, ముఖ్యంగా ఎప్పుడో కరెంటు పెట్టించుకున్న చోట.

ఇప్పుడు కడ్డీ ఏం చేస్తుందో ఊహించండి. తుంటి దగ్గర రంధ్రం చేసి, మజ్జ ఉండే గొట్టాన్ని బరమాతో వెడల్పు చేసి, మోకాలి పైవరకు దానిని దింపుతారు. పైభాగంలో ఉన్నది సార్కోమా అయితే దాని కణాలను ఎముక పొడవునా మనమే పూసినట్టవుతుంది. చుట్టూ ఉన్న కండరాల్లోకి కూడా ఆ రక్తం చేరుతుంది. అప్పటివరకు ఎముక పైభాగం ఒక్కటే తీసి కృత్రిమ కీలు పెడితే సరిపోయే మనిషికి, ఆ తరువాత కాలు మొత్తం తీయవలసిన పరిస్థితి రావచ్చు. పొరుగు ఊళ్లో కడ్డీ వేయించుకొని, రెండు నెలల తరువాత ముక్క పరీక్ష ఫలితం చేతపట్టుకొని వచ్చిన ఇద్దరు ముగ్గురిని నేను చూశాను. ఆ కాగితం చదివినప్పుడు నోట మాట రాదు.

ముక్క తీయడం కూడా చిన్న పనిగా అనుకోవద్దు. సూది ఏ దారిలో లోపలికి వెళ్లిందో ఆ దారిని తరువాతి ఆపరేషన్‌లో కంతితోపాటు తీసేయాలి కాబట్టి, చివరి ఆపరేషన్ చేయబోయే వైద్యులే ఆ దారిని నిర్ణయించాలి. ఈ విషయం మీద అమెరికాలో హెన్రీ మాన్కిన్ బృందం 597 మంది రోగులను పరిశీలించి 1996లో ప్రచురించిన వ్యాసం మా తరం వైద్యులందరికీ పాఠం. చికిత్స జరిగే కేంద్రంలో కాకుండా బయట ముక్క తీసినప్పుడు పొరపాట్లు, చిక్కులు రెండు నుంచి పన్నెండు రెట్లు ఎక్కువగా ఉన్నాయని అందులో తేలింది.

ముక్క తీయడానికి ముందు మూడు నాలుగు రోజుల్లో ముగిసే పరీక్షలు ఉన్నాయి. తొడ ఎముక మొత్తానికి, మోకాలితో సహా, ఎం.ఆర్.ఐ. తీయించండి. ఛాతీకి, పొట్టకు సి.టి. స్కాన్ కావాలి. రక్తంలో పి.ఎస్.ఎ. (ప్రోస్టేటు కోసం చేసే పరీక్ష), కాల్షియం, క్రియాటినిన్, హిమోగ్లోబిన్, ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ చూడాలి. మైలోమా కోసం ప్రోటీన్ ఎలక్ట్రోఫోరెసిస్, ఫ్రీ లైట్ చెయిన్ పరీక్షలు తప్పనిసరి. ముక్క తీసేటప్పుడు అందులో కొంత కల్చరుకు (సూక్ష్మజీవులను పెంచి చూసే పరీక్షకు) కూడా పంపమనండి. మన దేశంలో క్షయ ఎముకలో చేరి క్యాన్సర్ వేషం వేయడం అరుదేమీ కాదు.

అంతవరకు ఆయన కుడి కాలి మీద బరువు మోపకూడదు. వాకరు తెప్పించండి, మంచం పక్కనే కమోడ్ కుర్చీ పెట్టండి, స్నానాల గదిలోకి ఒంటరిగా పంపవద్దు. మర్దన, నూనె కాపడం, కాలు లాగడం వంటివన్నీ ఈ రోజుతో ఆపివేయండి.

పల్లెగాలి

పెద్దలు ఏమనుకున్నా నాకు తెలిసినది చెబుతున్నాను. మా పెదనాన్నగారికి మోకాలి దగ్గర గడ్డ ఉంటే సూది గుచ్చి ముక్క తీశారు. ఆరు నెలల్లో మనిషి దక్కలేదు. క్యాన్సర్‌కు కత్తి తగిలితే ముదురుతుందని మా వైపు అందరూ అంటారు. నాటు వైద్యుల దగ్గర ఆకు పసరుతో కట్టు కట్టించి చూడండి, పోయేదేముంది?

విశ్రాంత శస్త్రవైద్యుడు

మీ పెదనాన్నగారి విషయం బాధాకరం. కత్తి తగిలితే ముదురుతుందన్న మాటలో ఒక వీసమెత్తు నిజం ఉంది కనుకనే అది ఇన్ని తరాలు నిలిచింది. తప్పుడు చోట కోసి, తప్పుడు కడ్డీ వేస్తే వ్యాపిస్తుందని పైన నేను రాసినదీ అదే. కాని సరైన దారిలో సన్నని సూదితో తీసిన ముక్క వల్ల మనిషి పోడు. అలాంటి రోగుల్లో చాలామందికి ఆ సూది గుచ్చేనాటికే జబ్బు ఊపిరితిత్తులకు చేరి ఉంటుంది, నింద మాత్రం సూది మీద పడుతుంది.

కట్టు విషయంలో పోయేదేముందని అడిగారు. సగం తినేసిన ఎముకను లాగి, నొక్కి, బిగించి కట్టితే అది అక్కడే విరుగుతుంది. విరిగిన చోట రక్తం కూడి, కంతి కణాలు తొడ కండరాల్లోకి పోతాయి. ఎముకలు సరిచేసే నాటు వైద్యుల నేర్పును నేను తక్కువ చేయడం లేదు. మామూలుగా విరిగిన ఎముక, కంతి వల్ల బలహీనపడిన ఎముక వేరు వేరని మాత్రమే అంటున్నాను.

గుంటూరు కోడలు

మైలోమా ప్రస్తావన వచ్చింది కాబట్టి మా అత్తగారి సంగతి రాస్తున్నాను. ఆమెకు 66 ఏళ్లప్పుడు వెన్ను నొప్పి మొదలైంది. ఒక ఆసుపత్రిలో ఎముకలు గుల్లబారాయని చెప్పి కాల్షియం బిళ్లలు, డైక్లోఫెనాక్ రాసి ఇచ్చారు. నొప్పి తగ్గకపోవడంతో ఆమె ఆ బిళ్లలను మందుల దుకాణంలో తానే కొనుక్కొని, రోజుకు రెండేసి చొప్పున నెలల తరబడి వేసుకున్నారు. తరువాత విపరీతమైన దాహం, మలబద్ధకం, మాటల్లో తడబాటు వచ్చాయి. మతిమరుపు మొదలైందని మేము అనుకున్నాము. రక్త పరీక్ష చేస్తే కాల్షియం 13కు పైన ఉంది, మూత్రపిండాల పనితీరును చూపే క్రియాటినిన్ 3 దాటింది, హిమోగ్లోబిన్ 8కి పడిపోయింది. మైలోమా ఉన్నవారికి మూత్రపిండాలు ముందే నలిగి ఉంటాయని, డైక్లోఫెనాక్ వంటి నొప్పి మాత్రలు వాటిని ఇంకా దెబ్బతీస్తాయని అప్పుడే తెలిసింది.

ఆమెకు నరంలోకి మందు ఎక్కించి ఎముకల స్కానింగు తీస్తే దాదాపు ఏమీ కనబడలేదు. ఎముక తనను తాను బాగుచేసుకొనే చోట మాత్రమే ఆ మందు వెలుగుతుందట, మైలోమా ఆ బాగుచేసే పనినే ఆపేస్తుందట. పుర్రెకు తీసిన మామూలు ఎక్స్‌రేలో మాత్రం కాగితానికి పంచింగ్ మెషీన్‌తో కొట్టినట్టు గుండ్రని చిల్లులు ఉన్నాయి. ఇరవై నాలుగు గంటల మూత్రం పట్టడానికి ఐదు లీటర్ల క్యాను ఇచ్చారు. ఎవరైనా పొరపాటున పారబోస్తారేమోనని దాని మీద ఆమె పేరు రాసి, బాత్రూము తలుపుకు కాగితం అంటించాను.

బోర్టెజోమిబ్ ఇంజెక్షన్లు, లెనాలిడోమైడ్, డెక్సామెథసోన్‌లతో నాలుగో నెలకల్లా ఆమె వంటింట్లోకి నడిచి వచ్చారు. అరికాళ్ల తిమ్మిరి మాత్రం పోలేదు. ఎముకల కోసం జోలెడ్రోనిక్ ఆమ్లం ఎక్కించే ముందు పళ్ల డాక్టరుకు చూపించమన్నారు. ఆ మందు మొదలయ్యాక పన్ను పీకితే దవడ ఎముక మానకుండా ఉండిపోయే ప్రమాదం ఉందట. ఆమెకు కదులుతున్న పళ్లు రెండు ముందే తీయించి, పుండు మానాక మందు మొదలుపెట్టారు. మీ నాన్నగారికి ఏ రకమని తేలినా ఈ పళ్ల మాట గుర్తుంచుకోండి.

నంద్యాల అమ్మాయి

అందరికీ కృతజ్ఞతలు. సోమవారపు ఆపరేషన్ వాయిదా వేయమని అడగడానికి చాలా మొహమాటపడ్డాను. ఆశ్చర్యమేమిటంటే, మా వైద్యులు ఏమాత్రం నొచ్చుకోకుండా, "అలాగే, పేరు తేలాకే వేద్దాం" అని ఫిల్ములన్నీ కవరులో పెట్టి ఇచ్చారు. హైదరాబాదులో ఒక క్యాన్సర్ ఆసుపత్రిలో ఎముక కంతులు మాత్రమే చూసే వైద్యులకు చూపించాము. పి.ఎస్.ఎ. మామూలుగా ఉంది, మైలోమా పరీక్షలు శుభ్రంగా ఉన్నాయి, ఛాతీ, పొట్ట స్కాన్లలో ఏమీ లేదు. సి.టి. యంత్రంలో పడుకోబెట్టి, తొడ బయటివైపు నుంచి సూదితో ముక్క తీశారు. తొమ్మిది రోజుల తరువాత రెండో గ్రేడు (మధ్యస్థ తీవ్రత) కాండ్రోసార్కోమా అని వచ్చింది.

తొడ ఎముక పైభాగాన్ని సుమారు పదిహేను సెంటీమీటర్ల మేర తీసి, లోహపు కీలు అమరుస్తామంటున్నారు. కీమో అవసరం లేదన్నారు, కరెంటు కూడా వద్దన్నారు. ఇది విని మా బంధువులు, ముసలివాళ్లని వదిలేస్తున్నారేమోనని అనుమానపడుతున్నారు. మరో సంకటం కూడా ఉంది. నాన్నగారికి ఇంకా ఏ పేరూ చెప్పలేదు. "గడ్డ" అని మాత్రమే అంటున్నాము. రాత్రిళ్లు నొప్పి భరించలేక ఆయన పళ్లు బిగపట్టుకొని పడుకుంటున్నారు. మార్ఫిన్ ఇస్తామంటే, అది చివరి రోజుల్లో ఇచ్చేది కదా అని అమ్మ ఏడుస్తోంది.

ఉపశమన సేవ నర్సు

అమ్మగారికి ముందుగా ఈ మాట చెప్పండి. మార్ఫిన్ ఇవ్వడానికి ఆధారం నొప్పి తీవ్రతే, మిగిలిన ఆయుష్షుతో దానికి సంబంధం లేదు. ఆపరేషన్ వరకు రెండు మూడు వారాలు వాడి, తరువాత మెల్లగా తగ్గించి మానిపించినవారు మా దగ్గర ఎంతోమంది ఉన్నారు. చట్టంలోని చిక్కుల వల్ల చాలాకాలం ఈ మందు దొరకడమే గగనంగా ఉండేది. 2014లో మాదకద్రవ్యాల చట్టాన్ని సవరించాక గుర్తింపు పొందిన ఆసుపత్రులు దీనిని ఉంచుకోవడం కొంత సులువైంది. హైదరాబాదులో రెడ్ హిల్స్‌లోని ఎం.ఎన్.జె. ప్రభుత్వ క్యాన్సర్ ఆసుపత్రిలో ఉపశమన వైద్య విభాగమే ఉంది.

మామూలు బిళ్ల అయితే నాలుగు గంటలకొకసారి వేయాలి. నొప్పి వచ్చాక వేద్దామని ఆగవద్దు, గడియారం చూసి వేయండి. మొదటి రెండు మూడు రోజులు మగత, వికారం ఉండి తరువాత తగ్గుతాయి. మలబద్ధకం మాత్రం తగ్గదు, కాబట్టి విరేచనం సాఫీగా అయ్యే మందు మొదటి రోజు నుంచే ఇవ్వాలి. డెబ్భై దాటినవారికి తక్కువ మోతాదుతో మొదలుపెడతారు. మత్తుగా ఉన్నప్పుడు ఒంటరిగా లేవనివ్వకండి, ఆ కాలితో ఒక్కసారి పడితే చాలు.

ఇక చెప్పడం గురించి. ఫిల్మును కిటికీకి ఎత్తి పట్టుకొని చెద పట్టిందన్న మనిషికి మీరు కొత్తగా చెప్పవలసినది ఎంత ఉంటుంది? మా వార్డులో చాలామంది పెద్దవారు తమకు తెలుసన్న సంగతి పిల్లలకు తెలియకుండా దాస్తుంటారు, పిల్లలేమో వారికి తెలియకుండా దాస్తుంటారు. పైగా ఆయనకు జరగబోయేది పెద్ద ఆపరేషన్. సంతకం ఆయనదే కావాలి, తరువాత నడక నేర్చుకోవలసినదీ ఆయనే. "నాన్నా, డాక్టరుగారు ఏమన్నారో వింటారా, మమ్మల్నే చూసుకోమంటారా?" అని అడిగి చూడండి. ఎంతవరకు వినాలో ఆయనే చెబుతారు.

విశ్రాంత శస్త్రవైద్యుడు

కీమో వద్దన్నది వయసును చూసి కాదమ్మా. ఈ రకం కంతి కణాలు నెమ్మదిగా విభజన చెందుతాయి, రక్తనాళాలు అంతగా లేని మృదులాస్థి పదార్థంలో మునిగి ఉంటాయి. అందువల్ల మామూలు కాండ్రోసార్కోమాకు కీమో మందు గాని, సాధారణ మోతాదులో ఇచ్చే కరెంటు గాని పెద్దగా పనిచేయదు. ఇరవై ఏళ్ల కుర్రవాడికి వచ్చినా ఇదే మాట చెబుతారు. చుట్టూ ఆరోగ్యకరమైన కండతో సహా కంతిని ఒకే ముద్దగా తీయడమే దీనికి వైద్యం. అదే ఆస్టియోసార్కోమా అయి ఉంటే డాక్సోరూబిసిన్, సిస్‌ప్లాటిన్ వంటి మందుల మాట వచ్చేది. అక్కడ మాత్రం వయసు నిజంగా అడ్డు వస్తుంది, ఎందుకంటే మొదటిది గుండె మీద, రెండవది మూత్రపిండాలు, చెవుల మీద ప్రభావం చూపుతాయి.

ఆపరేషన్‌కు ముందు గుండెకు ఎకో తీయించి, రక్తం సిద్ధం చేసుకుంటారు. ఖర్చు విషయంలో, 70 ఏళ్లు నిండినవారికి ఆదాయంతో నిమిత్తం లేకుండా ఏడాదికి ఐదు లక్షల వరకు వర్తించే ఆయుష్మాన్ వయ వందన కార్డు 2024 అక్టోబరు చివరి నుంచి ఉంది. ఆంధ్రప్రదేశ్ కార్డుకు హైదరాబాదులో ఏది చెల్లుతుందో, లోహపు కీలు ఆ ప్యాకేజీలో కలుస్తుందో లేదో చేరకముందే ఆసుపత్రిలోని పథకాల కౌంటరులో అడగండి. కీలు ఖరీదే అన్నిటికన్నా పెద్ద పద్దు.

నంద్యాల అమ్మాయి

నిన్న రాత్రి నర్సుగారు చెప్పినట్టే అడిగాను. నాన్నగారు కళ్లజోడు తీసి తుడుచుకొని, "క్యాన్సర్ అని నాకు ఆ సూది గుచ్చిన రోజే తెలుసు. ఆ బోర్డు మీద అంత పెద్ద అక్షరాలతో రాసి ఉంటే తెలుగు పండితుడికి చదవడం రాదనుకున్నారా?" అన్నారు. ఆ తరువాత ఆయన అడిగినది ఒక్కటే. ఆపరేషన్ అయ్యాక పీట మీద కూర్చొని భోజనం చేయవచ్చునా అని.

విశ్రాంత శస్త్రవైద్యుడు

చేయకూడదని చెప్పండి. తుంటిని పట్టి ఉంచే కండరాలను ఎముక నుంచి విడదీసి లోహానికి కుట్టవలసి ఉంటుంది కాబట్టి, కింద కూర్చున్నా, గొంతుకూర్చున్నా కీలు తొలగిపోవచ్చు. మోకాలి కన్నా ఎత్తుగా ఉండే కుర్చీ, ఎత్తు పెంచిన కమోడు ఇప్పుడే సిద్ధం చేసుకోండి. నడక కొంచెం పక్కకు ఒరుగుతుంది, ఎడమ చేతిలో కర్ర ఉండాలి. కుడి కాలికి జబ్బు చేసిందని కుడి చేత్తో పట్టుకుంటే ఉపయోగం లేదు. ఛాతీ స్కాన్ మొదటి రెండేళ్లు మూడు నాలుగు నెలలకొకసారి, తరువాత ఇంకొంచెం ఎడంగా తీయించాలి. ఈ జబ్బు అయిదేళ్ల తరువాత కూడా తిరిగి రావడం ఉంది కనుక, పదేళ్ల వరకు ఆ తేదీలు క్యాలెండరులో రాసి పెట్టుకోండి. భోజనానికి బల్ల ఎత్తు ఎంత ఉండాలో డిశ్చార్జి అయ్యే ముందు ఫిజియోథెరపిస్టు చేత కొలిపించుకోండి.